పద్నాలుగో నంబరు రాయి

అండాలు దుప్పటిని రాయి మీద వేసి ఉతుకుతోంది. దడి అవతల సైకిల్ ఆగింది.

"గా రాయి ఏడిది?"

ఐలేశం! తొంభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో హాలియా రోడ్డు పక్కన కందకం తవ్వి ఫైబర్ కేబుల్ వేసినప్పుడు, రోజూ నీళ్లకని ఈ ఇంటికే వచ్చేవాడు. దాహం లేని రోజు కూడా.

"మాదే. బాపు రోడ్డు పక్కకెల్లి తెచ్చిండు. ఏడాది తర్వాత వచ్చి రాయిని అడుగుతున్నవు. మనుషులను అడగవా?"

"జర తిప్పి సూద్దాం పట్టు."

ఇద్దరూ కలిసి తిప్పారు. మట్టి తుడిస్తే పసుపు రంగు, పద్నాలుగు అంకె. కింద కేబుల్ ఉందని చెప్పే గుర్తురాయి.

"నా చేత్తోని రాసిన. ఇది లేకనే మొన్న పైపుకు తవ్వినోళ్లు కేబుల్ తెంపిండ్రు. అసలు నేను రాయే పాతలేదంటున్నడు కంట్రాక్టరు. ఇయ్యాల తేలకపోతే నా పని పోయినట్టే."

"అయితే తీస్కపోయి చూపియ్యి."

"ఏడ దొరికిందంటే? మీ బాపు పేరు నేను చెప్ప."

అండాలు చేతులు తుడుచుకుంది. "కూసో. బాపు గొర్లకు నీళ్లు తాపి వస్తడు. నేను మాట్లాడత."

ఐలేశం జేబులోంచి తెగిన కేబుల్ ముక్క తీశాడు. లోపల వెంట్రుకంత గాజు పోగులు.

"మాటలు వెలుగై గీ పోగుల్ల ఉరుకుతయి."

"వంగిన కాడ వెలుగు బయటపడదా?"

"పడదు. లోపల్లోపలే తాకుకుంట పోతది. మరీ మడిస్తెనే కారిపోతది."

"మా బాపు గూడ గంతే. మరీ మడవొద్దు." నవ్వింది. "గిది ఇండ్లకు గూడ వస్తదా?"

"ఒకనాడు వస్తది. ముందుగాల మనింటికే."

"ఎవరింటికి?"

ఐలేశం గబగబా సైకిల్ బెల్లు తుడవసాగాడు.

అండాలు తండ్రి బీరన్న వచ్చాడు. తిరగేసిన రాయిని చూసి ఆగిపోయాడు.

"కాలువ పనోళ్లు పారేసిన రాయి అనుకున్న," అన్నాడు.

"నాకెరుకే బాపు. గా మాటనే కంట్రాక్టరుకు చెప్పు. లేకుంటే ఈయన పని పోతది."

"నలుగురిల నన్ను దొంగను చేస్తవా బిడ్డా? గీ పిలగాని కోసం?"

ఐలేశం లేవబోయాడు. అండాలు అతని వైపు చూడనైనా లేదు.

"అవు బాపు. గీ పిలగాని కోసమే."

తల దించలేదు. తండ్రి చూపు మరలేదాకా అలాగే నిలబడింది.

బీరన్న భుజం మీది గొంగడి తీసి సైకిల్ క్యారియర్ మీద పరిచాడు. రాయి ఎత్తి దాని మీద పెట్టి తాడుతో బిగించాడు. ఐలేశాన్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. సైకిల్ తోసుకుంటూ, కంట్రాక్టరు దగ్గరికని వాకిలి దాటాడు.