సాల్ అడవిలో ఊదా నీడలు

మోవా పేటలో ఉన్న డిటెక్టివ్ సరోజిని ఆఫీసుకు రెబెకా వచ్చేసరికి, ఆమె చీర కుచ్చిళ్లకు తండ్రి నెత్తురు ఎండి అట్టకట్టింది. సరోజిని సహాయకురాలు ఫణిశ్రీ ఆమెకు మంచినీళ్లందించింది.

రెబెకా తండ్రి క్రిస్టోఫర్ రైల్వే గార్డుగా రిటైరై బొమ్మలు వేసుకునేవాడు. నిన్న అభన్‌పూర్ దాటాక వచ్చే సాల్ చెట్ల అడవిలో బొమ్మ వేస్తుండగా, ఎవరో కాన్వాసు నిలబెట్టే స్టాండు కర్రతో ఆయన తల చితక్కొట్టారు. సాయంత్రం నాలుగింటికి ఆయన్ను తీసుకురావడానికి వెళ్లిన అల్లుడు, రెబెకా భర్త రవి, శవాన్ని ఎత్తబోయి నెత్తుటి చొక్కాతో దొరికిపోయాడు.

"ఆరోన్ గవాహీ ఇచ్చేశాడు మేడమ్, మా ఆయన మీద సాక్ష్యం," అంది రెబెకా.

ఆరోన్ పదేళ్లుగా క్రిస్టోఫర్ శిష్యుడు. పొద్దున ఏడింటికి గురువును అడవిలో దింపి, తొమ్మిదిన్నర నుంచి రెండింటిదాకా ఊళ్లో డ్రాయింగు పాఠం చెప్పానన్నాడు. మూడింటికి భోజనం పట్టుకెళ్తే గురువు ఇంకా అదే బొమ్మ వేస్తున్నాడనీ, తిరిగొస్తుంటే రవి బండి ఎదురైందనీ చెప్పాడు.

ఠాణాలో ఆ బొమ్మ చూపించారు. దగ్గర నుంచి ఫణిశ్రీకి పసుపు, ఆకుపచ్చ, ఊదా మరకలే కనిపించాయి. ఒక్క గీతా లేదు. నాలుగడుగులు వెనక్కి వేయగానే అడవి లేచి నిలబడింది. ఆకుల సందుల్లోంచి ఎండ జారుతోంది. చెట్ల నీడలు ఎడమవైపుకు పొడుగ్గా సాగాయి. పక్కన రెండో కాన్వాసు ఖాళీగా ఉంది. మృతుడి జేబులో ఓ చిత్రప్రదర్శన ఆహ్వాన కార్డు దొరికింది: దాని మీద అడవి బొమ్మ, కింద ఆరోన్ పేరు. కార్డు మీది బొమ్మ తన తండ్రి వేసిందేనని రెబెకా గుర్తుపట్టింది.

అడవిలో స్టాండు గుంటలు చూస్తే ఆయన ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నట్టు తేలింది.

"మీ నాన్నగారు ఒకే బొమ్మ రోజంతా వేస్తారా?" అని సరోజిని అడిగింది.

"లేదు మేడమ్. ఎండ మారిందంటే దాన్నిక ముట్టుకోరు. వేరేది మొదలెడతారు."

మర్నాడు మధ్యాహ్నం క్రిస్టోఫర్ ఇంట్లో ఆరోన్‌తో సహా అందరూ కూర్చున్నారు. అదుపులో ఉన్న రవిని కూడా ఇన్‌స్పెక్టర్ ఠాణా నుంచి తీసుకొచ్చాడు.

"ఉత్తరం వైపు చూసేవాడికి నీడ ఎడమకు పడిందంటే సూర్యుడు తూర్పున ఉన్నాడు," అంది సరోజిని. "అంత పొడుగు నీడలు పొద్దున ఏడూ ఎనిమిదీ మధ్యవి. ఎండ మారాక కూడా ఆయన రెండో కాన్వాసు తియ్యలేదు. అప్పటికే చనిపోయారు. మూడింటికి నువ్వు ఎవర్ని చూశావు, ఆరోన్? ఆయన బొమ్మకు నీ పేరు పెట్టుకున్నావు. ఆ కార్డు ఆయన కంటపడింది."

"ప్రదర్శనలో అందరి ముందూ చెప్తానన్నారు. నాకు కళ్లే లేవన్నారు," అన్నాడు ఆరోన్ మెల్లగా.

మరుక్షణం బల్లమీది రంగులు కలిపే కత్తి అందుకుని సరోజిని మీదికి దూకాడు. ఫణిశ్రీ అడ్డుపడింది, కత్తి ఆమె మోచేతిని చీల్చింది. ఇన్‌స్పెక్టర్ లేచేలోగా రెబెకా కుర్చీ ఎత్తి ఆరోన్ భుజాన బాదింది. అతను పడిపోయినా ఆమె ఆగలేదు. మళ్లీ, మళ్లీ బాదింది.

సరోజిని వెనక నుంచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"చాలమ్మా. ఇతన్ని చంపి నువ్వు జైలుకెళ్తే రవి ఒక్కడే ఇంటికెళ్లాలి."

రెబెకా కుర్చీ వదిలేసింది.