కేసులో అందరి పేర్లూ

మార్కాపురం కోర్టు బయట వాన దంచతా ఉంటే, టీకొట్టు రేకుల కింద ఆదిశేషు పక్కన వచ్చి నిలబడింది ఎవరనుకున్నారు? సుస్మిత! ఆదిశేషు వదిన లక్ష్మీకుమారికి సొంత చెల్లెలు. మొన్నమొన్నటిదాకా ఫోన్‌లో గుసగుసలాడిన మరదలు పిల్ల. ఇప్పుడేమో వదిన పెట్టిన వేధింపుల కేసులో మనోడు మూడో ముద్దాయి.

కడుపు మండిపోయి అంత దూరం జరిగినాడు. సగం భుజం తడిసింది.

"తడిసి జొరం తెచ్చుకుంటావా? ఇట్ల రా బావా."

"ఎవరికి బావ? ముద్దాయి అను! మీ అక్కను నేను కొట్టినానా? ఆ పొద్దు గొర్రెల మంద తోలుకొని పెద్దారవీడు అవతల ఉండా. కట్టె లేంది లేవలేని మా అమ్మ కొట్టిందా? అన్నీ ఇట్లాంటి దొంగ కేసులే!"

"అరవద్దు. అందరి పేర్లూ పెడితేనే కేసు గట్టిగుంటాదని లాయర్ అన్నాడు. మా నాయన సరే అన్నాడు. నేను ఆడ్నే ఉండి నోరు మూసుకున్నా. నాదే తప్పు."

"తప్పంట! ఎంత ఈజీగా చెప్పినావు!"

"మరి నీదేంది?" సుస్మిత కళ్లెర్రజేసింది. "మీ అన్న కొట్టింది అబద్ధమా? ఉగాది మరుసటి రోజు మా అక్క వాచిన చెంపతో మందకాడికి సద్ది తెచ్చింది. సంగటి తింటా ఏమడిగినావు నువ్వు?"

ఆదిశేషు ఆ పొద్దు చెంప చూసినాడు. ఎవరి చెయ్యో తెలుసు. అయినా 'పచ్చడి ఇంకొంచెం ఉందా వదినా' అని అడిగినాడు. ఛీ, అదీ ఒక తిండేనా!

అంతలో రాజీ మాటలకని జడ్జి సారు రెండు కుటుంబాలనూ లోపలికి పిలిపించినాడు.

"నేను చెయ్యే ఎత్తలే సార్. అంతా దొంగ కేసు," అన్నాడు అన్న కాటమరాజు, దర్జాగా.

ఆదిశేషు లేచినాడు. "అమ్మ కొట్టలే, నేను కొట్టలే. అన్న కొట్టినాడు సార్. శానాసార్లు కళ్లారా చూసినా. చూసి ఊరుకున్నా."

"ఇంట్లో అడుగు పెట్టు, కాళ్లు ఇరగ్గొడతా!" అన్న మీదికొచ్చినాడు. అమ్మ ఓబులమ్మ మొగం తిప్పేసుకుంది.

ఇంకో పక్క సుస్మిత లేచింది. "అత్త పేరు, ఆదిశేషు పేరు మాత్రం ఉత్త అబద్ధం సార్. రాయించేటప్పుడు నేనూ ఉండా."

"నోర్ముయ్యే!" అని వాళ్ల నాయన గర్జించినాడు. పిల్ల మూయలేదు. లక్ష్మీకుమారి మాత్రం ఇద్దరినీ చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బయట వాన తగ్గలే. మళ్లీ అవే రేకులు. ఈసారి ఆదిశేషు జరగలేదు.

"నాకింకా కోపం పోలే," అన్నాడు.

"నాకు మాత్రం పోయిందా?"

"పెండ్లి చేసుకొని కొట్లాడదాం. నోటితోనే."

"చెయ్యి లేచిందో," అతని చేతిలో టీగ్లాసు లాక్కుంటా అంది, "నేనే స్టేషన్‌కు పోతా. నీ ఒక్కడి పేరే రాయిస్తా."