ఒద్దికకు అందని వరస

శ్రీహిత మేడమీద మిరపకాయలు ఎండబోస్తుండగా కింద వీధిలో కూరగాయల బండి వచ్చి ఆగింది. బండివాడు ఆమెకేసి చూడలేదు, ఆమె బండివాడికేసి చూడలేదు. ఆమె చెవిపూస, అతని చెవిపూస వాటిలో అవే మాట్లాడుకున్నాయి. వంకాయలు బుట్టలో పడ్డాయి, బుట్ట తాడుమీద పైకి వచ్చేసింది. "న్యాయమైన ధరకు కుదిరింది" అని చెవిలో మెత్తని గొంతు పలికింది.

వంకాయల్లో ఒకటి పుచ్చు. ఆ పుచ్చుకు తగ్గట్టు చెవిపూసలోని ఒద్దిక ధర తగ్గించే ఉంటుంది, అందులో అనుమానం లేదు. అయినా ఒక మాట అనడానికి ఎదుట మనిషి లేకపోతే వంకాయలు కొన్నట్టే ఉండదు శ్రీహితకు.

ఒద్దిక వచ్చి ఒక తరం దాటింది. ఇద్దరు అపరిచితుల మధ్య ఏ బేరమైనా, అంటే ధర, జీతం, అద్దె, తేదీ ఏదైనా, అదే కుదురుస్తుంది. కుదిర్చినదానికి పూచీ కూడా అదే. ఎవరూ ఎవరితోనూ నోరు చేసుకోనక్కర్లేదు. కోర్టులు మూతపడి కల్యాణమండపాలయ్యాయి. అక్కడ మాత్రం గొడవలు మునుపటిలాగే జరుగుతున్నాయి, అది వేరే సంగతి.

"అప్పగింత తేదీ విషయమై కొనుగోలు పక్షం నుంచి ప్రతిపాదన వచ్చింది" అంది చెవిపూస. "మే పదకొండు."

శ్రీహిత చేతిలోని చాట కింద పెట్టేసింది. నూజివీడులో తన సంపాదనతో ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు ఇది. సున్నాలు, లీకులు, చెదలు అంటూ ఇన్నేళ్ళూ గోడలకే చాకిరీ చేసింది. ఇక చాలనుకుని, దీన్ని అమ్మి భీమిలిలో సముద్రానికి ఎదురుగా అద్దెకు ఉండాలని మొగుడూ పెళ్ళాం తీర్మానించుకున్నారు. బేరం కుదిరింది. మిగిలింది అప్పగింత తేదీ ఒక్కటే.

"పదకొండు కుదరదు. మా చెట్టు కాయకు ఇంకా టెంక పట్టలేదు. ఆవకాయ పెట్టుకుని, మూడో నాడు తిరగకలుపుకుని, నెలాఖరుకు వెళతాం."

"కారణం 'ఆవకాయ' కారణకోశంలో లేదు. దగ్గరి కారణాలు: అనారోగ్యం, ఉద్యోగం, చదువు, మరణం."

నీడలో కూర్చుని వెల్లుల్లి వొలుస్తున్న ఆమె భర్త ఆరవ్ తలెత్తాడు. ఆయన చెవిలోనూ అదే గొంతు వినబడుతోంది. "మరణం అని చెప్పెయ్యవోయ్. ఆవకాయ లేకపోతే నా గతి అంతేగా!"

"మీరూరుకోండి. పోనీ, పంట అని రాసుకో" అంది శ్రీహిత.

"ఎన్ని ఎకరాలు?"

"ఒక చెట్టు!"

చెవిపూస దాన్నీ తోసిపుచ్చింది. భీమిలి ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అని కూడా సలహా ఇచ్చింది పాపం. అక్కడి కిటికీలన్నీ ఎండను వడగట్టే అద్దాలనీ, ఆ ఎండకు మిరపకాయ కాదు కదా తడి రుమాలు కూడా ఆరదనీ దానికెలా తెలుస్తుంది? ఈ కాయతో, ఈ మేడమీది ఎండతో ఆఖరిసారిగా ఒక్క ఆవకాయ. ఇల్లు అమ్మడానికి కలగని దిగులు, అది లేకుండా వెళ్ళాలంటే ఆమెకు కలిగింది.

మధ్యాహ్నానికి ఒద్దిక తన తీర్పు వినిపించింది. "మే ఇరవై. ఈ తేదీ వల్ల రెండు పక్షాలకూ అసంతృప్తి సమానం. కనుక ఇది న్యాయం. రేపు సాయంత్రంలోగా ఇరువురూ సమ్మతించకపోతే బేరం రద్దవుతుంది. భీమిలి అద్దె ఇల్లు తదుపరి అభ్యర్థికి వెళుతుంది."

ఇరవయ్యో తేదీకి ఆవకాయ అప్పుడే కలిపి జాడీలో పెట్టి ఉంటుంది. కలిపిన ఆవకాయను మూడో నాటిదాకా కదపకూడదు. జాడీలు బండెక్కించి భీమిలి దాకా కుదిపితే, ఆపైన అది తినడానికి కాదు, చెప్పుకుని ఏడవడానికి పనికొస్తుంది.

మర్నాడు ఎండ మండిపోతుండగా వీధి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ముప్పై దాటిన మనిషి, అతని వెనక కడుపుతో ఉన్న ఒక అమ్మాయి. ఇద్దరి ముఖాలూ కందిపోయి ఉన్నాయి.

"నా పేరు కోటయ్యండీ. ఈమె మాణిక్యం. మీ ఇల్లు కొంటున్నది మేమేనండీ."

కోటయ్య, మాణిక్యం అంటే కొత్త ఫ్యాషను పేర్లు. శ్రీహిత, ఆరవ్ లాంటి పాతకాలపు పేర్లు ఇప్పుడు ఎవరూ పెట్టుకోవడం లేదు. ఆ పేర్లు వినగానే చిన్నవాళ్ళని తెలిసిపోయింది.

"ఎదుటి పక్షంతో నేరుగా మాట్లాడరాదని సూచన" అంది చెవిపూస. నలుగురి చెవుల్లోనూ ఒకేసారి అని ఉండాలి, నలుగురూ ఉలిక్కిపడ్డారు. బేరం ఆడుతున్న ఇద్దరు ఎదురుబదురుగా నిలబడడం ఆ రోజుల్లో చొక్కా లేకుండా పెళ్ళికి వెళ్ళడం లాంటిది. తప్పని ఎక్కడా లేదు గానీ ఎవరూ చెయ్యరు.

శ్రీహిత మాణిక్యం కడుపుకేసి చూసింది, ఎండకేసి చూసింది. "సూచన సంగతి తర్వాత. ముందు లోపలికి రండమ్మా, ఈ ఎండలో ఏంటిది! ఏమండీ, మజ్జిగ పట్రండి."

మజ్జిగ తాగాక కోటయ్య మొదలుపెట్టాడు. "పదకొండైతేనే మాకు కుదురుద్దండీ. పద్దెనిమిదికి దీనికి ఏడో నెల వచ్చేస్తది. ఏడో నెల వచ్చాక ఇల్లు మారకూడదని మా అమ్మ చెప్పి చెప్పి పోయింది. ఆ మాట చెబితే కోశంలో లేదంటది ఈ మాయదారి పూస."

"నాకూ అదే చెప్పింది! కానీ పదకొండుకు నా వల్ల కాదు బాబూ. టెంక పట్టని కాయతో ఆవకాయ ఎట్టా పెట్టను? నాలుగు రోజులకే మెత్తబడి ఊరుకుంటది."

"ఆవకాయ కోసమా అండీ మమ్మల్ని ఆపేది?"

"ఆవకాయ కోసమా అంటావేంటయ్యా? నువ్వు తినవా?"

"తింటాను. అందుకని పుట్టబోయే బిడ్డని పణంగా పెట్టమంటారా?"

"నేనెప్పుడన్నాను ఆ మాట? ఆడకూతురు గుమ్మంలో నిలబడితే మజ్జిగిచ్చి కూర్చోబెట్టినందుకు నాకిదా మర్యాద?"

గొంతులు పెరిగాయి. పక్కింటివాళ్ళు ప్రహరీ మీంచి తొంగిచూశారు. అపరిచితులు దెబ్బలాడుకోవడం వాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. శ్రీహిత కొంగు బిగించింది. ఎన్నాళ్ళయింది ఇలా ఒకరి ముఖంలోకి చూసి కాదూ కూడదని! కోపంగానే ఉంది, కానీ ఆ కోపంలో వేసవిలో చన్నీళ్ళు పోసుకున్నంత హాయి కూడా ఉంది. కోటయ్య వాలకమూ అలాగే ఉంది. చేతులు తిప్పుతూ, కుర్చీ అంచుకు జరిగి, కళ్ళు మెరుస్తూ వాదిస్తున్నాడు.

"కాస్త మా బాధ కూడా ఆలోచించు అక్కా!" అన్నాడు చివరికి.

"నా బాధ నువ్వాలోచించవురా తమ్ముడూ?" అంది శ్రీహిత అదే ఊపులో.

మాణిక్యం అందుకుంది. "వదినా, ఆయన మాటకేంగానీ, ఆ మిరపకాయల వాసన చూసినకాణ్ణుంచీ నాకు నోరూరిపోతాంది. నిరుటిది కాస్తుంటే పెట్టవా?"

సరిగ్గా అప్పుడు నాలుగు చెవిపూసలూ టింగుమన్నాయి. "ఇరుపక్షాల మధ్య బంధుత్వం ఉన్నట్టు గమనించడమైనది. అక్క, తమ్ముడు, వదిన. ఒద్దిక బంధువుల వ్యవహారాల్లో జోక్యం చేసుకోదు. మీరు బంధువులని ధ్రువపరిస్తే తేదీ మీరే కుదుర్చుకోవాలి. రేపు ఎవరు మాట తప్పినా ఒద్దిక పూచీ ఉండదు. బంధువులు కారంటే, ఇరవయ్యో తేదీ నిలుస్తుంది. అవునా, కాదా?"

ఒద్దికను తయారుచేసినవాళ్ళు ఏ దేశంవాళ్ళోగానీ మహా తెలివైనవాళ్ళు. బంధువుల తగాదాల్లో తలదూర్చకూడదని వాళ్ళకు తెలుసు. కానీ రక్తసంబంధం లేనివాళ్ళను పట్టుకుని అక్కా, బాబాయ్, వదినా అని పిలిచే మనుషులు భూమ్మీద ఉంటారని మాత్రం వాళ్ళకు తట్టలేదు. అపరిచితులు మాట్లాడుకోవడమే మానేశాక ఆ పొరపాటు ఇన్నేళ్ళూ బయటపడే అవకాశమూ లేకపోయింది.

కాదంటే ఇద్దరికీ నష్టం. అవునంటే, రేపు ఈ కోటయ్య ఇంట్లో అడుగుపెట్టాక మిగతా సొమ్ము ఎగ్గొట్టినా అడిగే దిక్కు లేదు. తాను ఇల్లు ఖాళీ చెయ్యనని భీష్మించుకు కూర్చున్నా అతనికీ దిక్కు లేదు. ముందూ వెనకా తెలియని మనిషిని కేవలం ముఖం చూసి నమ్మడం శ్రీహిత ఎరగని పని. పైగా ఆమెకు అక్క అని పిలిపించుకున్న అనుభవమే లేదు. తల్లీతండ్రీ ఎవరో తెలియకుండా అనాథల వసతి గృహంలో పెరిగింది. బంధువులంటే ఆమె లెక్కలో ఆరవ్ ఒక్కడే.

కోటయ్య ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఆమె నోటి నుంచి ఏ మాట వస్తే దానికే కట్టుబడేట్టున్నాడు.

"అవును" అంది శ్రీహిత. "మా తమ్ముడే."

"మా అక్కే" అన్నాడు కోటయ్య వెంటనే.

"సెలవు" అంది ఒద్దిక. చెవుల్లో అలవాటైన ఆ సన్నని రొద ఆగిపోయింది. కాసేపు నలుగురికీ ఏదో వెలితిగా అనిపించింది.

ఆరవ్ పగలబడి నవ్వాడు. "కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. నీకు ఏకంగా నడిచొచ్చిన తమ్ముడు, వాడి వెనక నడిచొచ్చిన మరదలు!"

ఆ తర్వాత తేదీ కుదరడానికి అన్నం ఉడికినంతసేపు కూడా పట్టలేదు. "పదకొండున మీరు పాలు పొంగించుకోండి" అంది శ్రీహిత. "మేం పైగదిలో ఉంటాం. ఆవకాయ తిరగకలిపేదాకా."

"ఎంతకాలమైనా ఉండు. అక్కా బావా ఇంట్లో ఉంటే వద్దనేవాడెవడు?" అన్నాడు కోటయ్య. ఒక ఇంటికి ఒకే తేదీ ఉండాలనీ, ఆ రోజున ఒకరు వెళ్ళాలి, ఒకరు రావాలనీ ఒద్దికకు రాసిపెట్టినవాళ్ళు, ఇద్దరూ ఉండొచ్చునన్న చిన్న సంగతిని ఆలోచించలేదు.

పదకొండున పాలు పొంగాయి. ఆ పూటే కోటయ్య మిగతా సొమ్ము చెల్లించేశాడు. కాయకు టెంక పట్టాక అతనే చెట్టెక్కి కోశాడు, ఆరవ్ కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు కొట్టాడు. మూడో నాడు శ్రీహిత ఆవకాయ తిరగకలిపి జాడీలకెత్తి, పళ్ళెంలో మిగిలిన పిండిలో వేడివేడి అన్నం, నెయ్యి వేసి కలిపింది. మొదటి ముద్ద మాణిక్యం చేతిలో పెట్టింది. ప్రహరీ మీంచి చూస్తున్న పక్కింటావిడ ఇక ఉండబట్టలేక, "పిన్నీ, నాకూ ఒక ముద్ద!" అని చెయ్యి చాపింది. ఆమె చెవిలోనూ టింగుమంది. ఆ నవ్వులు వీధి చివరిదాకా వినిపించాయి. అటు తర్వాత ఆ వీధిలో అపరిచితులు మెల్లగా కరువైపోయారు.

బయలుదేరే రోజు బండిలో సామాను సర్దేశారు. శ్రీహిత చెప్పులేసుకుంటుంటే, "ఉండు వదినా" అని మాణిక్యం లోపలికి పోయింది. వస్తూ కోటయ్య చేత ఒక పెద్ద వెదురుబుట్ట మోయించుకొచ్చింది. చలిమిడి, లడ్లు, జంతికలు, అరటిపళ్ళు, మీద ఒక కోకా రవికా. నుదుట బొట్టుపెట్టి, చేతికి పసుపూ కుంకుమా ఇచ్చింది.

"ఏంటమ్మా ఇవన్నీ?"

"ఆడపడుచుని ఇంటినుంచి వట్టి చేతుల్తో పంపిస్తామా? కాన్పు కాగానే కబురంపుతాం. బిడ్డని ఉయ్యాల్లో వెయ్యాల్సింది మేనత్తవి నువ్వే. రాకపోయావో, ఊరుకోను."

కోటయ్య బుట్ట బండిలో పెట్టాడు. ఆరవ్ కళ్ళు తుడుచుకుంటూ మిరప్పొడి ఘాటన్నాడు, ఎవరూ కాదనలేదు.

భీమిలి అద్దె ఇంట్లో దిగాక ఆమె ముందుగా సముద్రంకేసి చూడలేదు. బుట్ట విప్పి, ఆకుల్లో చలిమిడి, లడ్డూ పెట్టి, ఆ వరసలో ఉన్న ఇళ్ళ తలుపులన్నీ తట్టింది. మొదటి తలుపు తీసిన ముసలావిడ బిత్తరపోయింది. ఆమె చెవిపూస అప్పుడే ధర ఎంతో విచారిస్తున్నట్టుంది, ఒక చెయ్యి చెవిమీద పెట్టుకుంది.

"ఇదేంటమ్మా? ఎంతకీ?" అని అడిగింది.

"ఎంతకీ కాదు పెద్దమ్మా, తీసుకోండి" అంది శ్రీహిత. పుట్టాక ఎన్నడూ అనని మాటను తల నిటారుగా ఎత్తి చెప్పింది.

"మా పుట్టింటివాళ్ళు పెట్టిన సారె."