ఎనిమిదో వంతు

స్టవ్ మీది పాల మీద ఒక కన్ను, నాలుగో తరగతి లెక్కల పుస్తకం మీద ఒక కన్ను వేసి నిలబడింది అమ్మ. పది గంటలకు పరీక్ష. హోటల్ లాండ్రీలో పదకొండేళ్లుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న మనిషికి మెషీన్ల దగ్గర పని ఇస్తామన్నారు. ఏ మెషీన్‌లో ఎన్నో వంతు సబ్బు పోయాలో లెక్కగట్టి చూపిస్తే చాలట. చాలట! చెప్పేవాళ్లదేం పోయింది?

"అరా, మూడో వంతూ కలిపితే ఎంత?" అడిగింది కాలేజీలో చదువుతున్న కూతురు.

"రెండు బై ఐదు."

"పైవి పైవి, కిందవి కిందవి కలిపేశావా? అర కంటే తక్కువొచ్చింది చూడు! కలిపితే పెరగాలా, తరగాలా?"

"అరవకే, నాయనమ్మ లేస్తుంది."

ఆ మాటకు పిల్ల మొహం మాడిపోయింది. నెల కిందట నాయనమ్మ కళ్లు తిరిగి బాత్‌రూమ్‌లో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ సాయంత్రం కనిపెట్టుకుని ఉండమన్నది ఈ పిల్లనే. పిల్లేమో బాల్కనీలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. "నీ ఫోనే మా అమ్మను పడేసింది," అన్నాడు బస్సు డ్రైవరైన తండ్రి. అంతే, ఆనాటి నుంచి కూతురితో మాట్లాడటం మానేశాడు. అమ్మ కూడా అప్పట్లో నాలుగు అంటించింది. తర్వాత ఊరుకుంది గానీ, దాని తరఫున ఒక్క మాట అనలేదు.

"సరే, ఇది చెప్పు. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా?"

"ఎనిమిదే కదా పెద్దది. అదీ తెలీదా నాకు?"

కూతురు నెత్తి కొట్టుకుని పాత పేపరొకటి చేతికిచ్చింది. "మడువు. సగమైందా? ఇంకోసారి. ఇప్పుడు నాలుగు. ఇంకోసారి మడువు, ఎనిమిది. విప్పి ఒక్క గడి చూడు. పెరిగిందా, తగ్గిందా?"

తగ్గింది. అమ్మ ఆ గడి మీద వేలు పెట్టి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పి చూసింది.

నెల కిందట, కళ్లు తిరుగుతున్నాయని అత్తగారు చెబితే ఆవిడ తాగే మందు మోతాదు మార్చాడు డాక్టరు. చీటీలో ఒకటి బై నాలుగు కొట్టేసి, ఒకటి బై ఎనిమిది రాశాడు. ఎనిమిదంటే నాలుగుకు రెట్టింపే కదా అని, కప్పులో పావు వంతు పోసే మందు సగం దాకా పోసి తాగించింది తను. ఆ సాయంత్రమే ఆవిడ పడింది. ఆస్పత్రిలో మందులన్నీ మార్చేశారు, ఆ చీటీ ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మాత్రం ఎవరికి తెలుస్తుంది? పరీక్ష రాసి ఊరుకుంటే సరిపోతుంది కదా. సిగ్గులేని ఆలోచనే, కానీ వచ్చింది.

తలుపు తీసుకుని రాత్రి డ్యూటీ దిగిన తండ్రి వచ్చాడు. సింక్ దగ్గర కూతురు నిలబడి ఉంది. ఆయన పెళ్లాం వైపు తిరిగి, "పక్కకు జరగమను, చేతులు కడుక్కోవాలి," అన్నాడు.

పిల్ల తల వంచుకుని జరిగింది. అది చూడలేకపోయింది అమ్మ.

"ఏవండీ, అత్తయ్య పడింది దాని ఫోన్ వల్ల కాదు. నేను పోసిన మందు వల్ల."

"పొద్దున్నే ఏం మాటలివి?"

చెప్పేసింది, కాగితం ముందు పెట్టి. ఆయన మొహం ఎర్రబడింది.

"మా అమ్మను మంచాన పడేసి, నెల రోజులు నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ఒట్టు, ఇప్పుడే తెలిసింది! తిడితే నన్ను తిట్టండి, దాన్ని కాదు."

"రోజూ ఏడ్చానమ్మా," అంది కూతురు. "నేనే చంపేయబోయానని రోజూ ఏడ్చాను."

అమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది. "కొట్టవే నన్ను. నేను పోను ఆ పరీక్షకు, నాకా యోగ్యత లేదు."

"పోతావు," అంది కూతురు ముక్కు తుడుచుకుంటూ. "ఇంకోసారి ఎవరికీ ఎక్కువ పోయకుండా ఉండాలంటే పోతావు. కూర్చో, మళ్లీ చెబుతాను."

ఆయన కాగితం చేతిలోకి తీసుకుని గడులు లెక్కపెట్టాడు. "చీటీ తెచ్చింది నేనే. డాక్టరు పెంచినట్టున్నాడని నీతో అన్నదీ నేనే," అన్నాడు. ఆ తర్వాత కూతురి దగ్గరకు వెళ్లాడు. చెయ్యెత్తి దాని తల మీద పెట్టబోయి, ధైర్యం చాలక ఆగిపోయాడు.

"ఏమైనా తిన్నావా, అమ్మా?"

"లేదు నాన్నా," అంది ఆ పిల్ల, నెల తర్వాత మొదటిసారి.