సాగదీసిన మొహం

"ఈసారి వాణ్ణి వదిలేస్తే నీ బావమరిది మనకు దక్కడు," అన్నాడు చీఫ్.

డేగ అనే మారుపేరుతో తిరిగే ఏజెంట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చెల్లెలి భర్త అయిన ఆ బావమరిది చాలాకాలంగా విదేశీ ముఠాలో దొంగపేరుతో గూఢచారిగా పనిచేస్తున్నాడు. అతను యూనిఫాంలో దిగిన పాత ఫోటో ఒకటి ఎలాగో ముఠా మనుషుల చేతికి చిక్కింది. ఫోన్లను నమ్మని ముఠా అది. ఆ ఫోటోను ఒక కొరియర్ ఇవాళ మధ్యాహ్నం ఓడలో సరిహద్దు దాటిస్తాడు.

"వాడు హోటల్ కౌంటర్ దగ్గర 'మీ గడియారం నెమ్మదిగా నడుస్తోందే' అంటాడు. అదే కోడ్. వీడియో తీసి గేట్‌వేలో అప్‌లోడ్ చెయ్యి. మన మీడియా డెస్క్ సరిచూసి రేవుకు పంపుతుంది. రేవు గేటు దగ్గర మెషిన్ మొహాలు పోల్చుతుంది. గ్రీన్ లైట్ వెలిగితేనే గార్డులు చెయ్యి వేస్తారు."

"మళ్లీ ఆ బొత్తాం కెమెరాయేనా సార్?"

"బడ్జెట్ లేదు."

డేగ పళ్లు కొరుక్కున్నాడు. ఆ కెమెరా తీసేది చదరంగా, చిన్నగా, మసక మసకగా ఉండే వీడియో. గేట్‌వే స్క్రీనేమో వెడల్పు. చిన్న బొమ్మను దాన్నిండా పరిచేసరికి అడ్డంగా సాగిపోతుంది. పోయినసారి పొట్లకాయలాంటి కొరియర్ మొహం గుమ్మడికాయలా తయారైంది. మెషిన్ ఒక బొద్దుపాటి బేకరీ యజమానిని పట్టించింది. అసలువాడు ఈల వేసుకుంటూ ఓడెక్కాడు.

"పక్కన రెండు నల్ల పట్టీలు పెడితే చాలు సార్. బొమ్మ తన కొలతల్లో తను మధ్యలో ఉంటుంది. నేను పెట్టే పంపాను. మీడియా డెస్క్ వాళ్లు కత్తిరించేశారు."

మీడియా డెస్క్ హెడ్ పక్క కుర్చీలోనే ఉంది. చెవులకు ముత్యాలు, మనిషికంటే ముందు గదిలోకి వచ్చే సెంటు. ఆఫీసంతా ఆమెను ముత్యం అనే పిలుస్తుంది.

"రూల్ కదా డేగ గారూ, స్క్రీన్ నిండుగా ఉండాలి," అందామె నవ్వుతూ. "నల్ల పట్టీలుంటే చావు వార్త చూస్తున్నట్టుంటుంది. కదండీ చీఫ్?"

"నిజమే, నిజమే," అన్నాడు చీఫ్ కరిగిపోతూ.

డేగకు ఒళ్లు మండింది.

హోటల్ లాబీలో డేగ నీలం ఓవరాల్, పెట్టుడు మీసంతో కాఫీ మెషిన్ విప్పుకుని కూర్చున్నాడు. కాసేపటికి కౌంటర్ దగ్గరకు ఒక కోలమొహం వచ్చింది.

"మీ గడియారం నెమ్మదిగా నడుస్తోందే."

"వానాకాలం కదండీ," అని గుమాస్తా ఒక సిగరెట్ ప్యాకెట్ అందించాడు. ఫోటో అందులోనే ఉంది. ఒక్క దూకు దూకుదామంటే, తలుపు దగ్గర వాడి బాడీగార్డులిద్దరు కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. డేగ బొత్తాం నొక్కి వీడియో మాత్రం తీయగలిగాడు. కొరియర్ కారెక్కి రేవు వైపు వెళ్లిపోయాడు.

డేగ స్టోర్ రూమ్‌లో దూరి, ఫోన్‌లోనే నల్ల పట్టీలు తగిలించి అప్‌లోడ్ చేశాడు. 'క్లీన్ చేయబడింది' అని వచ్చింది. తెరిచి చూస్తే మళ్లీ గుమ్మడికాయే.

మీడియా డెస్క్ ఆపరేటర్‌కు ఫోన్ కొట్టాడు. "పట్టీలెందుకు తీసేశారు?"

"మేడమ్ ఆర్డర్ సార్. ఖాళీ జాగా కనిపిస్తే కత్తిరించమన్నారు."

"అది ఖాళీ జాగా కాదు మహానుభావా! మొహం సాగకుండా ఆపే గోడలు!"

"నాకు రిటైర్‌మెంట్ దగ్గరపడింది సార్. ఇప్పుడు నా ఉద్యోగం మీదికి తేకండి."

బూడిదరంగు పట్టీలు పెట్టాడు. కత్తిరించారు. పూల డిజైన్ పెట్టాడు. అదీ కత్తిరించారు. డేగ చేతిలోని స్పానర్‌ను బకెట్‌లోకి విసిరికొట్టాడు. ఏడుపొచ్చినంత పనైంది. బావమరిది శత్రువు చేతిలో పోతే దేశం కోసం పోయాడనుకోవచ్చు. సొంత ఆఫీసు చేతిలో పోయాడని చెల్లెలికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడు గుర్తొచ్చింది. మొన్న ఆఫీసుకు రంగులు వేసినప్పుడు, గోడ మీది చీఫ్ ఫోటోను దింపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పెయింటర్లు దాని చుట్టూ వేసి వెళ్లిపోయారు.

డేగ రెండు పట్టీల్లోనూ చీఫ్ ఫోటో నిలువునా ఇరికించి అప్‌లోడ్ చేశాడు. ఆపరేటర్ లైన్‌లోనే ఉన్నాడు.

"మేడమ్, పట్టీల్లో చీఫ్ గారున్నారు."

"కత్తిరించు."

"చీఫ్ గారినా?"

"కత్తిరించమన్నానా!" ముత్యం గొంతు కీచుమంది. "ఓడ వెళ్లేదాకా ఆ వీడియో బయటికి పోకూడదు!"

డేగ ఉలిక్కిపడ్డాడు. ఓడ వెళ్లేదాకా వీడియో ఆగితే లాభం ఆ కొరియర్‌కే. ఆమె బాధ స్క్రీన్ నిండడం గురించి కాదు. ఇన్నాళ్లూ రూల్ పేరు చెప్పి ముఠా మనుషులను దాటిస్తోంది.

"కాగితం మీద రాసివ్వండి మేడమ్," అంటున్నాడు ఆపరేటర్. "నా చేతులతో నేను కత్తిరించను."

"ఆ వీడియోను అలాగే రేవుకు పంపెయ్యండి!" అరిచాడు డేగ. "బయటికొచ్చి గదికి గొళ్లెం పెట్టండి!"

"మేడమ్ లోపలుండగానా? ఎందుకు సార్?"

"చీఫ్ ఫోటో చించబోయింది కదా!"

గొళ్లెం పడిన చప్పుడు ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది.

రేవులో ఓడ మెట్లు పైకి లాగబోతుండగా, గేటు దాటినవాళ్ల మొహాల్లో ఒకటి వీడియోతో సరిపోయి గ్రీన్ లైట్ వెలిగింది. ఆఖరి మెట్టు మీద కాలు పెట్టిన కోలమొహాన్ని గార్డులు కాలర్ పట్టి వెనక్కి గుంజారు. సిగరెట్ ప్యాకెట్ దొరికిందన్న కబురు విని డేగ బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు.

సాయంత్రం చీఫ్ పిలిచాడు. తన ఫోటో వాడుకున్నందుకు చీవాట్లు తప్పవని డేగ సిద్ధపడే వెళ్లాడు. చీఫ్ ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. కళ్లు మాత్రం కొరియర్ మీద లేవు.

"ఇందులో నేను బాగా సన్నబడ్డట్టున్నాను, కదూ?"

"పట్టీ ఇరుకు సార్. పట్టడం కోసం కాస్త నొక్కాను."

చీఫ్ ఓసారి పొట్ట తడుముకుని, స్క్రీన్‌కేసి మురిపెంగా చూశాడు.

"ఇకనుంచి ప్రతి వీడియోకూ పట్టీలుండాలని ఆర్డర్ టైప్ చేయించు. నల్లవి మాత్రం వద్దు."