కొండవైపు గోడ

ఏప్రిల్ వచ్చినా జర్మనీలోని జావర్‌లాండ్ కొండల మీద చలి వదల్లేదు. అయినా పొద్దున ఏడింటికే మారెన్ కింది అంతస్తులో కిటికీలన్నీ బార్లా తెరిచింది. సగం నేలలోకి దిగి ఉన్న ఆ అంతస్తులోనే పదకొండేళ్ళుగా ఆమె కాపురం. ఏడేళ్ళ కూతురు ఎన్నా దుప్పట్లో ముడుచుకుని దగ్గుతోంది. మంచం వెనక మూలలో నిన్న వెనిగర్‌తో తుడిచిన చోటే మళ్ళీ బూజు.

"పదినిమిషాలేనా తెరిచింది? గాలి ఆడనిస్తేగా తడి పోయేది!" మెట్ల మీంచి మామగారి గొంతు.

ఆల్ఫోన్స్‌కి డెబ్బై తొమ్మిది. ఈ ఇల్లు తన చేతులతో కట్టుకున్న మనిషి. అది రోజుకి రెండుసార్లయినా గుర్తు చేయందే ఆయనకి కాఫీ దిగదు.

"గంటయింది మామయ్యా తెరిచి. పిల్ల వణికిపోతోంది."

"మీ అత్తకీ అదే చెప్పేవాణ్ణి. వింటేగా!"

మారెన్ పిల్లకి ఇంకో దుప్పటి కప్పింది. ఈ గదిలో పిల్లని పడుకోబెట్టొద్దని డాక్టర్ తేల్చేశాడు. ఊళ్ళో రెండుగదుల అద్దె ఇల్లొకటి చూసి వచ్చింది. ఏ సంగతీ ఈ సాయంత్రంలోగా చెప్పాలి. బయటినుంచి గోడ తవ్వించి లోపమేమిటో కనిపెడితే ఉంటాను, లేదంటే పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను అని భర్త లుడ్గర్‌కి ముందే చెప్పేసింది. ఆ మాట మీదే ఈరోజు తవ్వకం.

మేస్త్రీ బెర్టోల్డ్ మట్టి తవ్వే చిన్న యంత్రంతో వచ్చాడు. బూజు పట్టిన మూలకి రెండు గోడలు, పడమటిది ఒకటి, కొండవైపుది ఒకటి. "పడమట మొదలుపెట్టు. కొండవైపు పొదలు అడ్డం" అని ఆల్ఫోన్స్ తనే దగ్గరుండి చూపించాడు. మధ్యాహ్నానికి గొయ్యి పునాది దాకా దిగింది. బెర్టోల్డ్ మట్టి గీకి, తడి లోపలికి రాకుండా గోడకి వేసిన నల్లటి తారు పూత మీద వేళ్ళు ఆనించాడు.

"అబ్బో! యాభై ఏళ్ళ పూత, ఒక్క పగులు లేదు. పెద్దాయనా, మీ చేతికి దండం పెట్టాలి."

"విన్నారా?" ఆల్ఫోన్స్ కొడుకు వైపు తిరిగాడు. "గోడలో లోపం లేదు."

బెర్టోల్డ్ చేతులు దులుపుకున్నాడు. "మరి రెండోవైపు తవ్వమంటారా, ఆపమంటారా?"

లుడ్గర్ భార్య కళ్ళలోకి చూడలేక నేలచూపులు చూశాడు. "మారెన్, ఒకవేళ మనమే... బట్టలు లోపల ఆరేయడం, అదీ... నాన్న అన్నట్టు కొంచెం ఎక్కువ సేపు కిటికీలు తెరిచి..."

"నువ్వు కూడానా!" అంది మారెన్. "పదకొండేళ్ళు లుడ్గర్! ఇంటికెవరొచ్చినా నా చేతగానితనం గురించే కబుర్లు. నా బిడ్డ ఊపిరాడక ఏడుస్తుంటే ఆ తప్పూ నాదేనా? ఇక చాలు. నేనూ ఎన్నా వెళ్ళిపోతున్నాం. నువ్వు రావాలనుకుంటే రా, లేకపోతే నీ ఇష్టం."

చరచరా లోపలికెళ్ళింది. ఎన్నా బట్టలు పెట్టెలో కుక్కుతున్న చప్పుడు, మధ్యమధ్య పిల్ల దగ్గు, కిటికీలోంచి బయటికి వినబడుతూనే ఉన్నాయి. ఆల్ఫోన్స్ గెలిచాడు. గెలిచినవాడి ముఖమా అది? రక్తం ఇంకిపోయి సున్నంలా పాలిపోయింది. యంత్రానికి ఆనించిన పార తీసుకుని ఇంటి చుట్టూ తిరిగి కొండవైపుకి నడిచాడు. పొదల మొదట్లో పార దించాడు, ఒకటి, రెండు, మూడు.

లుడ్గర్ పరుగెత్తుకొచ్చాడు. "నాన్నా, గుండె జబ్బు పెట్టుకుని ఏం పనిది?"

"తవ్వమనరా! ఇక్కడ తవ్వమను. ఇటు తారు లేదు."

ఆ కేకకి మారెన్ చేతిలో పిల్ల స్వెటర్‌తో అలాగే బయటికొచ్చింది. ఆల్ఫోన్స్ పార మీద ఒరిగి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు.

"ఊళ్ళోవాళ్ళు శనివారాలు వచ్చి సాయం చేసేవారు. మూడు గోడలకీ పూశాను. ఇది మిగిలింది. ఆ శనివారమే మీ అమ్మకి నొప్పులొచ్చాయి లుడ్గర్, నువ్వు పుట్టబోతున్నావు. ఆసుపత్రికి పరుగెత్తాం. నాకు మేలు చేద్దామని వాళ్ళందరూ ఒళ్ళు హూనం చేసుకుని గొయ్యంతా చేత్తో పూడ్చేశారు, తారు పూశాననుకుని. నేనొచ్చేసరికి బీరు సీసాలు పట్టుకుని, నవ్వుకుంటూ వరసగా నిలబడ్డారు. మళ్ళీ తవ్వాలిరా అని ఏ నోటితో చెప్పను? చెప్పలేకపోయాను. తడి వచ్చినప్పుడు మీ అమ్మని, హెడ్విగ్‌ని అన్నాను, నువ్వు కిటికీలు తెరవట్లేదని. అది నమ్మింది. ఆ తర్వాత నిన్నన్నానమ్మా."

బెర్టోల్డ్ టోపీ తీసి పట్టుకున్నాడు.

"కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు తిరిగిపోయినా హెడ్విగ్ రోజూ పొద్దున్నే దిగివచ్చి కిటికీలు తెరిచేది" అన్నాడు ఆల్ఫోన్స్. "పోయే ముందు వారం కూడా. 'నాకే చేతకాలేదు, ఈ ఇల్లు ఆరబెట్టలేకపోయాను' అంది. నేను పక్కనే కూర్చున్నాను మారెన్. పక్కనే కూర్చుని ఊరుకున్నాను."

మారెన్‌కి ఒళ్ళంతా కోపం. ఈ ముసలాయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. కానీ అత్తగారి చేతులు కళ్ళముందు మెదిలి ఏడుపు ముంచుకొచ్చింది. భర్త వైపు తిరిగి, "ఆ అద్దె ఇల్లు అక్కర్లేదని ఫోన్ చేసి చెప్పు. ఈ గోడ ఆరేదాకా ఎన్నా పైన, మీ నాన్న గదిలో పడుకుంటుంది" అంది.

"నేను సోఫాలో పడుకుంటాను" అన్నాడు ఆల్ఫోన్స్ వెంటనే. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, ఆదివారం నన్ను మీ అత్త సమాధి దగ్గరికి తీసుకెళ్తావా? ఒక్కణ్ణే వెళ్ళి చెప్పలేను" అన్నాడు.

"అత్తయ్య పోయాక నాలుగేళ్ళు ఆగారు. ఇంకా ఆదివారం దాకా ఎందుకు? పదండి."

చర్చి వెనక సమాధి దాకా ఇద్దరూ నడిచి వెళ్ళారు. అక్కడ ఆయన మాట మొదలుపెట్టి ఆపేశాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మారెన్ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హెడ్విగ్" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా వెక్కుతూ, "తప్పు నీది కాదే. గోడకి తారు పూయలేదే నేను."