నాలుగో రాయి

పొద్దున్నే గేదె పాలు పితికి లేచేసరికి అక్కకు నడుం పట్టేసింది. యాభై దాటాయి మరి! తండ్రి పోయి మూడు నెలలైనా ఆవిడకు చాకిరీ మాత్రం తగ్గలేదు. పట్నంలో వ్యాన్ నడుపుకునే తమ్ముడు నిన్ననే దిగాడు.

"ఇవాళ రాళ్లు చూపించేస్తే పొలం నా పేర రాస్తారక్కా. కొనేవాళ్లు కూడా దొరికారు," అన్నాడు టీ తాగుతూ.

"మరి నేనెక్కడుండాల్రా?"

"మా ఇంట్లో ఉందువుగాని. ఎన్నాళ్లని కష్టపడతావు?"

పాతికేళ్లుగా ఆ మట్టిలోనే బతికిన మనిషికి ఎంత తేలిగ్గా చెప్పాడో చూడండి! ఆమెకు ఒళ్లు మండింది. పోట్లాడే ఓపిక లేక గ్లాసులు కడగడానికి లేచింది.

ముత్తాతలు ఎక్కడినుంచో బండ్ల మీద వచ్చి, అడవి కొట్టి నిలబెట్టిన చిన్న ఊరది. అప్పటి కట్టుబాటు ఒక్కటే. వారసులు ఊరిపెద్ద ముందు నాలుగు హద్దురాళ్ల మీదా చెయ్యి వెయ్యాలి. లేదంటే పొలం ఊరుమ్మడిలో కలిసిపోతుంది. వారసుడంటే కొడుకే అని ఎవరూ రాయలేదు, అందరూ అలా అనుకున్నారంతే.

ఊరిపెద్దను వెంటబెట్టుకుని పొలానికి వెళ్తే మూడు రాళ్లు తమ్ముడికి దొరికాయి. వాగు ఒడ్డున ఉండాల్సిన నాలుగోది మాత్రం లేదు.

"ఇక్కడే ఉండేదండీ!" అంటూ పొదలన్నీ కెలికాడు. చెమటలు పట్టాయి.

"చూపించకపోతే ఉమ్మడే నాయనా," అన్నాడు ఊరిపెద్ద.

అక్క గట్టు మీద కూర్చునే ఉంది. నోరు మెదపకపోతే సరి, అమ్మకం ఆగిపోతుంది. కానీ తను సాగు చేసిన నేల తమ్ముడికీ దక్కకుండా ఊరుమ్మడిలో కలిసిపోతుంటే ప్రాణం ఒప్పలేదు. ఉసూరుమంటూ లేచి, పదడుగులు లోపలికి నడిచి గడ్డి పక్కకు తీసింది.

"పాత ఒడ్డు వాగులో కలిసిపోయింది. పెద్ద వరదొచ్చినప్పుడు దీన్ని నేనే ఇక్కడికి జరిపాను. నాన్నకు జ్వరం."

"ఇంత రాయి ఒక్కదానివే జరిపావా? నన్ను పిలవొచ్చుగా!"

"పిలిచానురా. కిరాయి ఉందన్నావు."

తమ్ముడికి ఆ ఫోను గుర్తొచ్చింది. మొహం చెల్లక తల దించుకున్నాడు.

"చెయ్యి వెయ్యరా మరి," అంది ఆమె నీరసంగా. "అమ్ముకుంటావో ఏం చేస్తావో, నాకింక ఓపిక లేదు."

వాడు వెయ్యలేదు. ఆమె మట్టిచేతిని పట్టుకుని రాయి మీద పెట్టాడు. "అక్క పేరు రాయండి పెద్దయ్యా, మిగతా మూడింటి మీదా తనే చెయ్యి వేస్తుంది," అన్నాడు.

తండ్రి పోయిన రోజు కూడా పనుల్లో పడి ఏడవని మనిషి, ఆ రాయి పక్కనే కూలబడి తనివితీరా ఏడ్చింది.